నమ్మి అప్పగించిన పని



ఎండలు ముదిరితే హైదరాబాద్ దగ్గరి మన అజీజ్‌నగర్ చుట్టుపక్కల గడ్డి పెళపెళలాడుతుంది. చిలుకూరు దగ్గరి మృగవని అడవీ ఎండుతుంది. ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు, అంటుకోవడానికి. అందుకే అడవుల్లో ముందుగానే గడ్డి, ఆకులు ఊడ్చి ఖాళీ బాటలు తీస్తారు. మంట అక్కడ ఆగాలి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ పని ఖైదీలూ చేస్తారు. నారింజ రంగు దుస్తుల్లో, పారలు, గొడ్డళ్లు పట్టుకుని కొండలెక్కుతారు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ తగలబడుతుంటే, వందల మంది ఖైదీలు మంటకు ఎదురు నిలిచారు. ఎవరి ఇళ్లనో కాపాడారు. వాళ్లను నమ్మి పని ఇచ్చారు. కూలి మాత్రం అప్పట్లో చాలా తక్కువ. అది అన్యాయం. విడుదలయ్యాక అదే ఉద్యోగం అడిగితే పాత కేసు అడ్డొచ్చేది. 2020లో ఒక చట్టం ఆ అడ్డును కొంత తొలగించింది.

మన దగ్గర? హైదరాబాద్ చంచల్‌గూడలో జైళ్ల శాఖ పెట్రోలు బంకు ఉంది. పెట్రోలు పోసేది ఖైదీలు. శిక్ష ముగిసినవారికీ అక్కడ పని దొరికింది. పెట్రోలంటే రవ్వ తగలకూడని సరుకు. దాన్నీ, దానిమీద వచ్చే డబ్బునూ వాళ్ల చేతికిచ్చారు. నమ్మి పని ఇచ్చారు.

చర్లపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉంది. వాళ్లు ఆరుబయట పొలం పని చేస్తారు. మన మొయినాబాద్, చేవెళ్ల తోటల్లోనూ పనివాళ్లు ఎప్పుడూ కావాలి. తోట ఉన్నవారు, పని తెలిసి విడుదలై వచ్చినవారిని కూడా పిలవండి.