అప్పన్న దారిలో అందరూ పాదచారులే

ఆషాఢ పౌర్ణమికి ముందురోజు విశాఖపట్నం రోడ్ల తీరే మారిపోతుంది. అప్పన్న స్వామి కొలువైన సింహాచలం కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, లక్షలాది మంది గిరి ప్రదక్షిణకు బయల్దేరతారు. దాదాపు 32 కిలోమీటర్ల నడక. హనుమంతవాక, గోపాలపట్నం మీదుగా చెప్పుల్లేని పాదాలు తారు రోడ్డు మీద సాగిపోతుంటాయి. దారి పొడవునా మజ్జిగ గ్లాసులు అందించే చేతులు.

ఆ రాత్రి కారున్నవాడూ, లేనివాడూ ఒక్కటే.

మరి మర్నాడు? మొక్కు తీర్చుకున్న ఓ ముసలమ్మే కూరల సంచీతో రోడ్డు దాటాలంటే బళ్ల మధ్య ప్రాణాలు అరచేత పట్టుకోవాలి. అప్పన్న పేరిట నడిచే పాదానికి దక్కిన మర్యాద, బడికో బజారుకో నడిచే పాదానికి ఎందుకు దక్కదు? ప్రతి ప్రాణిలోనూ దేవుణ్ణి చూడమన్న ధర్మం, పేవ్‌మెంటు దగ్గరికొచ్చేసరికి ఆగిపోకూడదు కదా.

రోడ్డు స్థలాన్ని వాహనాలకు కాక మనుషులకు పంచాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచే అలాంటి సంప్రదాయం ఒకటుంది. ఆదివారాలు వంద కిలోమీటర్లకు పైగా రోడ్లను కార్లకు మూసి, నడిచేవారికీ సైకిళ్లకూ అప్పగిస్తారు. అక్కడ దానికి పండగే అక్కర్లేదు.

ప్రదక్షిణకు కేంద్రం కొండ మీది స్వామి. నగర ప్రణాళికకు కేంద్రంలో ఎవరుండాలన్నది ఏటా ఆషాఢంలో విశాఖ తన కాళ్లతోనే చెబుతోంది. ఆ జవాబు వెడల్పాటి కాలిబాటగా, సైకిల్ దారిగా, ఆ ముసలమ్మ నిదానంగా దాటగలిగే సిగ్నల్‌గా మిగతా రోజుల్లోనూ కనబడాలి.