అగ్నికి నిర్గమద్వారము

ఇంద్రియనిగ్రహమనగా లోని తాపమును చల్లార్చుటయా, లేక లోపలనే బంధించి యుంచుటయా యని మన వేదాంతగోష్ఠులలో తరచుగా వినవచ్చు ప్రశ్నకు, ఇరువదవ శతాబ్ది ఆరంభమున యూరపులో మహార్హములైన మోటారుకార్లను నిర్మించినవారు, ఆ ప్రశ్న నెరుగకయే, మూడవదగు సమాధానమొకటి చెప్పియున్నారని నా విశ్వాసము.

1901 నాటి మెర్సిడెస్ కారునకు విల్‌హెల్మ్ మేబాక్ కల్పించిన తేనెపట్టు రేడియేటరులో 8,070 సన్నని గొట్టములుండెను. వానిగుండ గాలి సాగుచుండగా, వాని నడుమ ప్రవహించు నీరు ఇంజను వేడిమిని ఆ గాలికి అర్పించుచుండెను. ఇంధనమునందలి ఉష్ణములో చక్రములను త్రిప్పుటకు వినియోగపడునది నాటి ఇంజనులలో నాలుగవ పాలైనను కష్టమే. తక్కినది పొగవెంటనో నీటివెంటనో వెడలిపోవలసినదే. దానిని వ్యర్థమనుటకు నా మనస్సొప్పదు. అది వెడలనినాడు పిస్టను సిలిండరులో బిగుసుకొనిపోవును. ఆ నాలుగవ పాలును దక్కదు.

అయితే గాలికి ముందువైపున ప్రవేశము కల్పించిన మాత్రమున కార్యము తీరదు. బానెట్టు ఎంత నునుపుగా, ఎంత నిశ్ఛిద్రముగానుండిన కారునకంత శోభయని కన్నులు కోరును గాని, బయటికి దారి దొరకని గాలి లోపల గుమిగూడి తన వెనుక వచ్చుదానిని అడ్డగించుటచే, రేడియేటరు ఎంత విశాలమైనను నిష్ప్రయోజనమగును. కావుననే ప్రక్కరేకులను వరుసగా చీల్చి, ఆ చీలికల అంచులను వెలికి వంచిరి. కనుమదారులలో ఈ అవసరము మిక్కుటము: ఇంజను అత్యధికముగా శ్రమించునది అచ్చటనే, కారు మందగమనముచే ఎదురుగాలి సన్నగిల్లునదియు అచ్చటనే. నరుని కష్టకాలమును ఇట్టిదే యని నేను తలంతును. తాపము హెచ్చినపుడే ఓదార్చు గాలి తగ్గును.

కోపమునకు ద్వారము తెరచుట స్వైరవిహారము కాదా యని ఆక్షేపింతురేమో. కాదు. అతిశీతలమైన ఇంజనులో పెట్రోలు చక్కగా ఆవిరికాదు, నూనె చిక్కబడును. అందువలననే 1925లో వెలువడిన రోల్స్‌రాయిస్ ఫాంటమ్ కారు రేడియేటరునకు నిలువు రెక్కలమర్చి, వానిని తెరచుట మూయుట చోదకుని చేతికిచ్చిరి. తాపము నిలువవలెను, దాని పరిమాణము నిర్ణీతము కావలెను.

ఆ చేయి ఎవరిదను విషయమున సాంఖ్యులు నాకు తృప్తి కలిగింపలేదు. వారి పురుషుడు కేవలసాక్షి, రెక్కను కదలింపడు. అభ్యాసవైరాగ్యములను రెంటిని కలిపి చెప్పిన పతంజలియందే, ఒకమారు తెరచి ఒకమారు మూయుటకు నిత్యము శిక్షితమగు హస్తమొకటి నాకు గోచరించుచున్నది.