వాటమూ, గుంటా

పాత యింట్లో కొత్త తివాచీ పరుచుకోవాలని ముచ్చటపడని యిల్లాలు వుండదేమో. నాపరాళ్లు కాళ్లకు ఎంత చల్లగా తగులుతున్నా, నలభై యేళ్లుగా అదే రంగు చూసి చూసి విసుగొస్తుంది. అబ్బాయికి సంబంధాలు చూస్తున్నప్పుడో, అమెరికా నుంచి అమ్మాయి వస్తోందన్నప్పుడో ఆ విసుగు మరీ ఎక్కువవుతుంది. ఏలూరు ఉన్ని తివాచీ కొందామా, బజార్లో చుట్టలుగా అమ్మే ప్లాస్టిక్ షీటుతో సరిపెడదామా అని చర్చ మొదలవుతుంది. ఆ చర్చలో యింటిల్లిపాదీ మాట్లాడతారు. నేల సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు.

మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో పాత యిళ్ల నేలలు ఎగుడుదిగుడు కావడానికి మేస్త్రీ చేతకానితనం ఒక్కటే కారణం కాదు. తెనాలి చుట్టుపక్కల వున్నది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలతోపాటు పంటా వచ్చింది, నేలలోకి నెమ్మూ వచ్చింది. కాలవకు నీళ్లు వదిలిన నెలల్లో ఉబ్బిన మట్టి, కాలవ కట్టేసిన వేసవిలో దిగుతుంది. ఏటా యిలా ఊపిరి తీసి వదిలే మట్టి మీద, పరిచిన రాయి పరిచినట్టే వుంటుందా చెప్పండి? బాపట్ల వైపు, సముద్రం దగ్గరపడే కొద్దీ ఇసుక. ఇసుకకు ఉబ్బే గుణం లేదు. కానీ ఎక్కడో తూము పగిలి నీళ్లు అడుగున దారి చేసుకుంటే చప్పుడు లేకుండా జారిపోతుంది. పైన బండ డొల్లగా మిగులుతుంది.

ఆ డొల్ల ఎక్కడుందో యింట్లో వాళ్లకు తెలుసు. ముఖ్యంగా రోజూ తడిగుడ్డ పెట్టే చేతికి తెలుసు. ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఏ బండ మీద బిందె దింపితే వొరిగిపోతుందో, అత్తగారు చీకట్లో లేచి నడిచేటప్పుడు ఎక్కడ గోడ పట్టుకుంటారో ఆ యిల్లాలిని అడగండి, కళ్లు మూసుకుని చెబుతుంది. కంటికి కనిపించే గుంటను కాలు గుర్తుపెట్టుకుంటుంది. దాని మీద తివాచీ పరిచామనుకోండి, గుంట ఎక్కడికీ పోదు, గుర్తు మాత్రం పోతుంది. మెత్తగా వుంది కదా అని ధీమాగా అడుగేసిన పెద్దావిడ తూలి పడితే, విరిగేది తుంటి ఎముక. ఆ వయసులో ఆ ఎముక విరిగితే మంచం దిగడం ఎంత కష్టమో చాలా కుటుంబాలకు అనుభవమే.

పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు వూరికే అనలేదు. అయితే మన సంసారాల్లో ఎక్కువగా వినిపించే సలహా మాత్రం తివాచీ సలహాయే. "సర్దుకుపో అమ్మా" అంటారు. ఆడబిడ్డ మాట అంటే సర్దుకుపో. ఆస్తి పంపకాల్లో నీ మాట అడగలేదా, సర్దుకుపో. బరువంతా నీ మీదే పడిందా, పెద్ద మనసు చేసుకో. సర్దుకుపోవడం చెడ్డదని నేననను, అది లేకపోతే నాలుగు గిన్నెలు ఒక చోట వుండవు. కానీ సర్దుకుపోవడం వేరు, సరిచేయడం వేరు. మొదటిదాన్ని రెండోదని భ్రమపడితే, పైన నవ్వులు పరిచిన యింట్లో ఏ పండగ పూటో, ఏ చిన్న మాట దగ్గరో ఎవరో ఒకరు తూలి పడతారు. "యిన్నాళ్లూ బాగానే వుందిగా, యిప్పుడేమొచ్చింది?" అని అందరూ ఆశ్చర్యపోతారు.

మరి సరిచేయడం ఎలా? తెలిసిన తాపీమేస్త్రీ వెంటనే సిమెంటు కలపడు. ముందు బండల మీద తట్టి వింటాడు. తిన్నని బద్ద నేల మీద ఆనించి, దాని కింద సందు ఎంతుందో చూస్తాడు. సన్నని గొట్టంలో నీళ్లు నింపి రెండు మూలలా ఎత్తు సరిచూస్తాడు. నీళ్లకు మొహమాటం లేదు, ఎవరి మూల పల్లమో చెప్పేస్తాయి. నెమ్ము సంగతి తేల్చుకోవడం యింకా తేలిక. ఒక ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి, అంచులు గట్టిగా అంటించి, ఒక రోజు వుంచి తీస్తే చాలు. అడుగున చెమ్మ పట్టిందంటే తివాచీకి ఆ నేల యింకా సిద్ధంగా లేదన్నమాట. తొందరపడి పరిస్తే బూజు, ముక్కవాసనా తప్పవు. బండ డొల్లగా వుంటే దాన్ని లేపి, చెడ్డ మట్టి తీసి, ఇసుక నింపి, దిమ్మిస కొట్టి మళ్లీ పరవాలి. కారణం తెలుసుకోకుండా పైన పూసిన పూత నాలుగు వేసవులు ఆగదు.

ఇంతకన్నా చిక్కు ప్రశ్న మరొకటుంది. ఎగుడుదిగుడంతా తప్పేనా? మండువా లోగిలి చూసిన వాళ్లకు తెలుసు, వసారా నేల కావాలనే ఒక వైపు వాలుగా వుండేది. దాన్ని వాటం అంటాం. వానజల్లు, కడిగిన నీళ్లు నిలవకుండా తూము వైపు పోవడానికి ఆ ఏర్పాటు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి తెలిసిన రేపల్లె వైపు వాళ్లకు నీళ్లు లోపలికి వస్తే బయటికి పోయే దారి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. సమం చేస్తున్నామన్న ఉత్సాహంలో ఆ వాటం కూడా పూడ్చేస్తే, నేల అద్దంలా వుంటుంది, నీళ్లు యింట్లోనే వుంటాయి.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఏది వాటమో, ఏది గుంటో. ఒకరి మేలు కోరి, అందరికీ తెలిసేలా పెట్టింది వాటం. జబ్బుపడి లేచిన పిల్లాడికి తల్లి ఒక గరిటె నెయ్యి ఎక్కువ వేస్తే మిగతా పిల్లలు అలగరు, అది వాటమని వాళ్లకూ తెలుసు. అబ్బాయిని ఇంజనీరింగు చదివించి, అదే మార్కులు వచ్చిన అమ్మాయిని "నీకెందుకే" అని ఆపేస్తే, అది గుంట. దాన్ని కట్నంగా యిచ్చిన బంగారంతో కప్పలేం.

గుంట పూడ్చడానికి ఖర్చు వుంది, అందుకే మనం వాయిదా వేస్తాం. పల్లం ఎత్తు పెరిగితే తలుపు నేలకు రాసుకుంటుంది. తలుపు అడుగు కొంచెం చెక్కాలి, గడప కాస్త పొట్టిదయినట్టు కనిపిస్తుంది. యిన్నాళ్లూ ఎత్తు మీద వున్నవాళ్లు "నా తలుపు నేనెందుకు చెక్కించుకోవాలి?" అంటారు. ఎత్తుగా వున్న చోటు నుంచి ఏమీ వదులుకోకుండా పల్లాన్ని సమం చేసే ఉపాయం ఏ మేస్త్రీ దగ్గరా లేదు, ఏ సంసారంలోనూ లేదు.

తివాచీ కొనుక్కోండి, వద్దనను. యింటికి అందం వుండాలి, పిల్లలు దొర్లి ఆడుకోవాలి. కొనేముందు మాత్రం ఒక్కసారి చెప్పులు విడిచి, యిల్లంతా మెల్లిగా నడిచి చూడండి. ఎక్కడ కాలు తడబడిందో అక్కడ ఆగి, అది వాటమో గుంటో యింట్లో అందరినీ అడగండి. రోజూ తడిగుడ్డ పెట్టే ఆవిడను మొదట అడగండి.