చదువు అడిగే వెల

కెనడా ఉత్తర భాగాన, మంచు సముద్రపు ఒడ్డున, ఇన్యూట్ అనే ఆదివాసులు నివసిస్తున్నారు. 1999 ఏప్రిల్ 1న వారి కోసం నునావుట్ అనే ప్రాంతం ఏర్పడింది. ఆ మాటకు 'మన భూమి' అని అర్థం. అక్కడున్న 25 ఊళ్లలో ఒక ఊరి నుండి మరో ఊరికి రోడ్డు లేదు. అటువంటి చోట ఇప్పుడు పిల్లలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నారు. ఈ పని చేస్తున్న పింగువాక్ అనే సంస్థ పాంగ్నిర్టుంగ్ అనే చిన్న ఊళ్లోనే పుట్టింది.

ఇది మేలా, కీడా? వేట నేర్వవలసిన బిడ్డను తెర ముందు కూర్చోబెట్టడం దేనికని ఒకరు అడగవచ్చు. లోకమంతా ముందుకు పోతుంటే వారొక్కరే వెనుకబడాలా అని మరొకరు అడగవచ్చు. రెండూ న్యాయమైన ప్రశ్నలే.

కతోలికులమైన మనం ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేము. 1955 నుండి 1969 వరకు చెస్టర్‌ఫీల్డ్ ఇన్‌లెట్‌లో ఇన్యూట్ పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా ఉంచిన వసతిగృహాన్ని నడిపింది మన శ్రీసభే. అక్కడ చదివినవారిలో కొందరు నాయకులై తమ ప్రజల హక్కుల కోసం పోరాడారు. అంటే చదువు ఫలించింది. కాని దాని కోసం ఆ పసివారు ఇంటిని, తల్లి ఒడిని వదులుకున్నారు. కొందరు చెప్పుకోలేని హింసను అనుభవించారు. ఫలం మంచిదైనంత మాత్రాన ఆ వెల న్యాయం కాదు. అందుకే 2022 జూలై 29న పోప్ ఫ్రాన్సిస్ గారు నునావుట్ రాజధాని ఇకాలూయిట్‌కు వెళ్లి, ఒక బడి ముంగిట క్షమాపణ వేడుకున్నారు.

కాబట్టి ఏ చదువునైనా ముందుగా అడగవలసింది, 'నువ్వేమి ఇస్తావు?' అని కాదు, 'బదులుగా ఏమి తీసుకుంటావు?' అని.

ఏమీ తీసుకోని చదువు కూడా ఉంది. లాబ్రడార్ తీరాన నెయిన్ ఊళ్లో ఇన్యూట్ యువకులు సముద్రపు మంచు మందాన్ని కొలిచే పరికరాలను తయారుచేస్తున్నారు. వాతావరణం వేడెక్కి మంచు పలుచబడుతోంది. ఏ దారి గట్టిదో పెద్దల అనుభవానికి కూడా ఒక్కోసారి అందడం లేదు. అడుగు తప్పితే ప్రాణమే పోతుంది. పరికరం మందం చెబుతుంది. ఎక్కడ కొలవాలో, ఆ మంచును ఏమని పిలవాలో తాత చెబుతాడు. మనుమడి చదువు తాతను కాపాడుతోంది, తాత మాట మనుమడి చదువుకు దారి చూపుతోంది.

లూకా సువార్తలో పండ్రెండేండ్ల బాలయేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలడిగాడు. ఆ తరువాత మరియమ్మ, జోజప్పగార్లతో నజరేతుకు తిరిగివచ్చి, వారికి లోబడి జీవించాడు. జ్ఞానం ఆయనను ఇంటికి పరాయివానిని చేయలేదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు కంప్యూటర్ నేర్పించండి, తప్పు లేదు. అయితే సాయంత్రం ఆ బిడ్డ అవ్వతో ఏ భాషలో మాట్లాడుతున్నాడో, అసలు మాట్లాడుతున్నాడో లేదో కూడా గమనించండి. చదువు అడిగిన వెల అక్కడే తెలుస్తుంది.