తొమ్మిదవ తరగతిలో విషయముల యెన్నిక: ఎవరి హక్కు?

నేను పాఠశాలలో గుమాస్తాగా ముప్పది యేండ్లకు పైగా పనిచేసి విరమించినవాడను. చదివినది మెట్రిక్ మాత్రమే. విద్యను గూర్చి వ్రాయుటకు నా కధికారము లేదని చదువరులు తలంచినచో నేను కాదనను. కాని యొక్క విషయమున నాకు కొంత యనుభవము కలదు. ప్రతి సంవత్సరము జూన్ మాసమున తొమ్మిదవ తరగతి పిల్లల దరఖాస్తులు నా బల్లమీదికి వచ్చెడివి. మరాఠీ మొదటి భాష, ఇంగ్లీషు, గణితము, విజ్ఞానము, సాంఘిక శాస్త్రములు ఎట్లును తప్పవు. హిందీయా, సంస్కృతమా, రెండును సగము సగముగా గల సంయుక్త పాఠ్యమా యని తెలుపుటకు మాత్రము ఒక గడి యుండెడిది. ఆ గడిలోని చేతివ్రాత సాధారణముగా తండ్రిది, కొన్నిమార్లు మేనమామది, తండ్రికి వ్రాత రానిచో నాది. పిల్లవానిది నేను చూచినది బహు తక్కువ.

పదునాలుగేండ్ల బిడ్డ పక్షమున మరియొకరు ఎన్నుకొనుట ధర్మమా? ఉద్యోగములో నుండగా ఈ ప్రశ్న నాకు తోచలేదు. దరఖాస్తు పూర్తిగా నిండినదా లేదా యనునదే అప్పటి నా చింత.

మా సర్ఖని కిన్వటు, మాహూరు ప్రాంతపు గ్రామము. మాహూరు రేణుకాదేవి దర్శనమునకు వచ్చు తెలుగు యాత్రికులకు ఈ ప్రాంతము క్రొత్త కాదు. కిన్వటు తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో, ఆదిలాబాదు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన బొంబాయి రాష్ట్రమున చేరి, 1960 మే 1వ తేదీన మహారాష్ట్ర మయ్యెను. మా పెద్దల యిండ్లు, పొలములు ఉన్నచోటనే యున్నవి. కచేరీ కాగితముల భాష మారినది. నన్ను మరాఠీ బడిలో వేయునపుడు మా తండ్రి నా యిష్టము అడుగలేదు. రాత్రి లాంతరు ముందు కూర్చుండబెట్టి పెద్ద బాలశిక్ష దిద్దించునపుడును అడుగలేదు. మొదటి దానివలన నాకు ఉద్యోగము దొరకినది. రెండవది లేనిచో ఈ వ్యాసము లేదు. కావున పిల్లలను అడుగక చేసినదెల్ల అన్యాయమని నేను అనజాలను. ఆకలియగునని తెలిసిన తల్లి అడిగి వండునా?

అయితే నా కుమారుని విషయమున నేను చేసినది వేరు. వానికి చిత్రలేఖనము ప్రాణము. మహారాష్ట్రమున బడిపిల్లలకు ఎలిమెంటరీ, ఇంటర్మీడియెట్ అను రెండు చిత్రలేఖన పరీక్షలు కలవు. వాడు మొదటిది గెలిచి, తొమ్మిదవ తరగతిలో రెండవదానికి కూర్చుందునని అడిగెను. అదే వేళకు గణితపు ట్యూషన్ ఉన్నదని నేను వలదంటిని. రెండవ భాషగా వాడు హిందీ కోరగా సంస్కృతము వ్రాసితిని. దేవభాష నేర్పించుచున్నానని బంధువులతో చెప్పుకొంటిని. నా భక్తి దేవభాషమీద కాదు, దానిలో వచ్చు మార్కులమీద. మార్కులు వచ్చినవి. ఈనాడు వానికి ఒక్క శబ్దమైనను గుర్తులేదు. వాడు నన్ను ఎన్నడును నిందింపలేదు. ఆ మాట యెత్తడు కూడ. అదియే నాకు బరువుగా నున్నది.

మా తండ్రి చేసినదానికి, నేను చేసినదానికి భేదమేమి? ఆయన నాకు రెండు త్రోవలు కలిపి ఇచ్చెను. నేను నా కుమారునికి ఉన్న త్రోవలలో ఒకటి మూసితిని. పైగా మూయుచున్నట్లు వానికి చెప్పలేదు, నిజమైన కారణమును గూడ చెప్పలేదు. నాకు తెలిసి చేయలేదు, భయపడి చేసితిని. పెద్దవారికి అనుభవము కలదు గనుక వారే ఎన్నుకొనవలెనను వాదము బలమైనదే. కాని మన అనుభవములో ఎంత జ్ఞానము, ఎంత భయము అని ఎవరు తూచి చూచిరి?

ఈ వయస్సుననే ఎన్నిక అవసరమా యను విషయమున మహామహులకే ఏకాభిప్రాయము లేదు. 1952-53 నాటి మొదలియార్ సంఘము బహుళార్థ పాఠశాలలు పెట్టి వ్యవసాయము, వాణిజ్యము, సాంకేతికము, లలితకళలు మొదలగు ఏడు శాఖలలో విద్యార్థి తనకు తగినదానిని గ్రహింపవలెననెను. 1964-66 నాటి కొఠారీ సంఘము, అంత చిన్నతనమున శాఖలుగా విడదీయవలదు, పదేండ్లు అందరికిని సామాన్య విద్యయే యుండవలెననెను. మహారాష్ట్రమున పదవ తరగతి పద్ధతిలో మొదటి పరీక్ష 1975లో జరిగినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము తొమ్మిది మొదలు పండ్రెండు వరకు ఒకే దశగా జేసి, అందు విషయములను ఎన్నుకొను స్వేచ్ఛ విరివిగా నుండవలెనని మరల చెప్పుచున్నది. ఒక్కొక్క విషయమునకు ఒక్క ఉపాధ్యాయుడైన చాలని గ్రామపు బడిలో ఈ స్వేచ్ఛకు అర్థమేమో నాకు తెలియదు, అది వేరు సంగతి. ఇంతటివారే మార్చి మార్చి చెప్పిన విషయమున ఇంటి పెద్దకు సందేహమే కలుగకుండుట వింత.

గీతలో శ్రీకృష్ణుడు చెప్పవలసినదంతయు చెప్పి, చివరకు నిర్ణయమును అర్జునునికే విడిచెను. అర్జునుడు తొమ్మిదవ తరగతి బాలుడు కాడు గదా యని ఒక మిత్రుడు ఆక్షేపించెను. నిజమే. కాని అక్కడ విడుచుటకు ముందు దాచక చెప్పుట కలదు. మనము చెప్పుట మాని, విడుచుట మాని, గడి నింపుచున్నాము.

ఇక మన తెలుగు కుటుంబములకు ప్రత్యేకముగా చెందిన మాట యొకటి చెప్పవలెను. కొందరికి రుచింపకపోవచ్చును. గణితము, సంస్కృతము, ఇంగ్లీషు ట్యూషన్ విషయమున మనము పిల్లల నోరు మెదలనీయము. తెలుగు అక్షరములు నేర్పితిరా యని అడిగినచో మాత్రము, ‘వాళ్ళ యిష్టం, బలవంతం ఎందుకు’ అందుము. మార్కులున్నచోట మనము తండ్రులము, మార్కులు లేనిచోట స్వాతంత్ర్యవాదులము! బడిమీద నేరము మోపుట సులభము. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో బోధన జరుగవలెనని 1956లో చేరిన రాజ్యాంగపు 350-ఎ అధికరణము ప్రాథమిక దశకే పరిమితము. 2020 నాటి శాసనముచే మహారాష్ట్రపు బడులన్నిటను మరాఠీ తప్పనిసరి యయ్యెను. ఈ గడ్డమీద బ్రతుకువారికి అది న్యాయమే. బాలభారతి సంస్థ తెలుగులోను పాఠ్యపుస్తకములు ప్రచురించినది. కాని నా బల్లమీదికి వచ్చిన దరఖాస్తులలో తెలుగునకు గడి లేదు. లేని గడిని బడి నింపదు. మా తండ్రికి లాంతరు చాలినది.

ఈ జూన్ మాసమున మా మనుమరాలు తొమ్మిదవ తరగతిలో చేరినది. దాని తండ్రి, అనగా నేను సంస్కృతము చదివించిన నా కుమారుడే, దానికిని సంస్కృతము వ్రాయబోయెను! నేను చేయి పట్టుకొని ఆపితిని. తరువాత దానిని కూర్చుండబెట్టి, ఏది గ్రహించిన ఏమి సులభమగునో, ఏది విడిచిన పై తరగతులలో ఏమి కష్టమగునో, మార్కుల సంగతితో సహా నాకు తెలిసినంత చెప్పితిని. అది రెండు దినములు ఆలోచించి హిందీ అన్నది. కారణమడుగగా, ‘హిందీ చెప్పే బాయి మంచిగ కథలు చెప్తది, తాతా’ అన్నది. నా కుమారుడు నవ్వెను. నాకు నవ్వు రాలేదు. ఆ వయస్సున విషయమనగా ఉపాధ్యాయుడే. అంతకన్న మంచి కారణముతో సంస్కృతము వ్రాసినవాడను నేను కాను.

దానికి నేనొక షరతు పెట్టితిని: రాత్రి అరగంట తెలుగు దిద్దవలెను, ఇందులో నీ యిష్టము అడుగను అంటిని. నా కారణమును గూడ దాచక చెప్పితిని. నా చేతివ్రాతలో నున్న మా తండ్రి జాబులు చదువగలవారు నా తరువాత ఈ యింట నుండవలెనని నా కోరిక. అది కొంతసేపు మూతి ముడుచుకొని, ‘సరే గాని పరీక్ష పెట్టొద్దు’ అన్నది. ఇప్పటికి గుణింతములు దాటినది. ఒత్తులలో తప్పులు చేయుచున్నది. ఎఱ్ఱసిరా కలము నేను పెట్టెలో పెట్టి తాళము వేసితిని.