11 ప్రదక్షిణలు చేసినా వీసా రాలేదు, ఎందుకు స్వామీ?

నిన్నటి వీడియోలో ధ్రువుడి కథ సగంలో ఆపేశాను. మిగతా సగం ఇక్కడ చెబుతాను. ఎందుకంటే ప్రవచనం అయ్యాక ఒక అబ్బాయి అడిగిన ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

"గురువుగారూ, చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేశాను. స్టూడెంట్ వీసా రిజెక్ట్ అయింది. మళ్లీ వెళ్లాను, మళ్లీ రిజెక్ట్. నాన్నేమో ఊళ్లో అందరికీ చెప్పేసుకున్నారు. ఇప్పుడు ఆయన ఫోన్ ఎత్తాలంటేనే భయం. స్వామికి నా మీద దయ లేదా?"

పక్కనున్న పెద్దాయన ఒకరు "దేవుణ్ణి అడగాల్సింది మోక్షం బాబూ, వీసాలు కాదు" అన్నారు. పిల్లాడు తల దించుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు బాధేసింది.

అడగడం తప్పు కాదండీ. గీత 7వ అధ్యాయం 16వ శ్లోకంలో కృష్ణుడు తనను భజించేవాళ్లు నాలుగు రకాలన్నాడు: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. అర్థార్థి అంటే ఏదో కావాలని వచ్చినవాడు. మనలో చాలామందిమి అక్కడే ఉన్నాం. జ్ఞాని నాకు ప్రత్యేకం అంటూనే, వీళ్లందరూ ఉదారులే అన్నాడు స్వామి. ఎవర్నీ గెంటెయ్యలేదు. కాకపోతే "11 తిరిగాను కాబట్టి ఇచ్చి తీరాలి" అంటే అది బేరం. చిలుకూరులో హుండీయే లేదు, గమనించారా?

ధ్రువుడు మాత్రం మోక్షం కోసం వెళ్లాడా? అయిదేళ్ల పసివాడు. నాన్న ఒడి ఎక్కబోతే, నీకా అర్హత లేదు పొమ్మంది సవతి తల్లి సురుచి. తండ్రి ఉత్తానపాదుడు నోరు మెదపలేదు. ఆ అవమానంతోనే ఇల్లు వదిలాడు. తాతముత్తాతలకీ దక్కనంత పెద్ద స్థానం కావాలన్నాడు. నారదుడు ముందు వద్దని చెప్పి చూశాడు, వినకపోయేసరికి మంత్రమిచ్చి మధువనానికి పంపాడు.

మనం వదిలేసే సగం ఇక్కడుంది. కొడుకు వెళ్లిపోయాక ఇంట్లో ఆ తండ్రి ఏమయ్యాడు? అడవిలో ఆకలికి వాడిపోయాడో, తోడేళ్లు తినేశాయో అని నారదుడి ముందు కుమిలిపోయాడు. ధ్రువుడు తిరిగొస్తున్నాడన్న కబురు తెచ్చినవాడికి హారం బహుమానంగా ఇచ్చి, రథమెక్కి ఎదురెళ్లాడు. దారిలోనే కౌగిలించుకుని కన్నీళ్లతో తడిపేశాడు. స్థానం కావాలన్నది పిల్లాడు, తండ్రికి కావలసింది పిల్లాడు.

ఇక వీసా సంగతి. వెళ్లినవాళ్లకీ అక్కడ హెచ్-1బి లాటరీయే, ఏటా 85,000 పరిమితి. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము అన్నారు. ఇవన్నీ ఒక దేశం లెక్కలు. నీ యోగ్యతకి, స్వామి దయకి ఇవి కొలతలెలా అవుతాయి?

"నాన్నగారితో మాట్లాడి ఎన్నాళ్లయింది?" అని అడిగాను. "రెండు వారాలు" అన్నాడు. "చిలుకూరు తర్వాత వెళ్దువుగాని, ముందు ఆ ఫోన్ చెయ్యి నాయనా" అన్నాను.

చెప్పుల స్టాండ్ దగ్గర నిలబడి చేశాడు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు గానీ, మేం మైకులు, కెమెరాలు సర్దుకునేదాకా అక్కడే ఉన్నాడు.