చనిపోయినవారికి బాకీ



నవంబరు 2వ తేదీన, సకల మృతుల దినాన, మన సమాధుల తోటలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. ముందుగానే కలుపు పీకి సమాధులకు సున్నం వేస్తారు. ఆ సాయంత్రం బంతిపూలు, కొవ్వొత్తులు, సాంబ్రాణి పొగ. గురువు తీర్థజలం చల్లుతూ వచ్చేవరకు ఒక్కొక్క కుటుంబం తమవారి సమాధి చుట్టూ కూర్చుని, పోయినవారి కబుర్లు చెప్పుకుంటుంది.

ఒక ఏడు అలాగే ఒక సమాధి దగ్గరకు వెళ్లాను. ఆ వేసవిలో చనిపోయిన తమ్ముడి కోసం అక్కచెల్లెళ్లు, అతని భార్యాబిడ్డలు చాప పరచుకుని కూర్చున్నారు. అతని చిన్ననాటి అల్లరి తలచుకుని నవ్వుతున్నారు, అంతలోనే కళ్లు తుడుచుకుంటున్నారు. పెద్దన్న మాత్రం దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాడు. పొలం గట్టు తగాదాతో అన్నదమ్ములిద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. అయినా సమాధికి సున్నం వేయించింది ఆయనే. నేను దగ్గరకు వెళ్లగానే, "ఫాదరుగారూ, గట్టు చెక్కి కలుపుకున్నది నేనే. ఇప్పుడు క్షమించమని ఎవరిని అడగను?" అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇద్దరినీ కలపమని తమ్ముడి భార్య ఒకప్పుడు నన్ను అడిగింది. "కోతలు కానివ్వమ్మా, చూద్దాం" అన్నాను. ఆ కోతలు అయ్యాయి, ఆ తరువాత మరి రెండేళ్ల కోతలూ అయ్యాయి. కనుక ఆ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు.

చనిపోయినవారికి మనం బాకీ ఉండగలమా? మరణం ఉన్నచోట మనం ఉండము, కాబట్టి అది మనకు ఏమీ కాదని గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ బోధించాడు. ఆ లెక్కన బాకీ కూడా మనిషితోపాటే మట్టిలో కలిసిపోవాలి. మనస్సాక్షి దీనికి ఒప్పుకోదు. అప్పిచ్చినవాడు చనిపోయాడని అప్పు ఎగవేసినవాణ్ణి ఏ ఊరూ నిజాయితీపరుడు అనదు. మన విశ్వాసమైతే ఇంకా ముందుకు వెళుతుంది. పోయినవారు దేవునియందు జీవిస్తున్నారని, మన ప్రార్థన వారికి తోడ్పడుతుందని శ్రీసభ బోధిస్తున్నది. కనుక క్షమాపణ వినేవారు లేరన్నమాట నిజం కాదు.

అయితే అడగడంతో సరిపోతుందా? నాలుగవ శతాబ్దంలో మిలాను పీఠాధిపతి పునీత అంబ్రోసుగారు తమ సోదరుడు సాతిరుస్‌ను పోగొట్టుకున్నారు. ఏడవ రోజున సమాధి దగ్గరకు మళ్లీ వచ్చి ప్రసంగించారు. సాతిరుస్ వీలునామా రాయలేదు. న్యాయమని తోచినంత పేదలకు ఇమ్మని మాత్రమే అంబ్రోసుగారిని, సోదరి మార్సెల్లీనాను కోరాడు. వారు ఆస్తికి తమను వారసులుగా కాక, పేదల తరఫున గృహనిర్వాహకులుగా ఎంచుకున్నారు. సోదరునిపై ప్రేమను బతికి ఉన్నవారి చేతిలో పెట్టారు.

ఆ పెద్దన్నతో నేను ఇంతే అన్నాను: "మీ తమ్ముణ్ణి దేవుని ఎదుట క్షమించమని అడగండి. నేల మాత్రం ఆ బిడ్డలకు అప్పగించండి." ఆయన బదులు చెప్పలేదు. వెళ్లి చాప అంచున కూర్చున్నాడు. చెల్లెలు కాస్త జరిగి చోటిచ్చింది. కోతలయ్యాక తాడు పట్టి గట్టు పాత చోటనే వేయించాడు.

అంతటితో అంతా తీరిపోయిందని నేను చెప్పను. గట్టు వెనక్కి జరిగింది గాని ఆ తొమ్మిదేళ్లు తిరిగి రావు. మనం చెల్లించగలిగింది చెల్లించాలి. చెల్లించలేనిది దివ్యబలిపూజలో దేవుని చేతికి అప్పగించాలి. మొదటిది చేయకుండా రెండవది చేస్తే, అది సమాధికి సున్నం కొట్టడమే అవుతుంది.

పాఠకులారా, ఈసారి మీరు కొవ్వొత్తులు కొనేముందు, ఎవరితో మాట మానేశారో ఒక్కసారి తలచుకోండి. వారు ఇంకా బతికే ఉంటే ముందు వారి ఇంటికి వెళ్లండి. కోతలదాకా ఆగవద్దు.